ఖాదర్ వదలమనేదాకా

భీమిలి మెట్ట మీద తవిటినాయుడికీ, వాళ్ళ తమ్ముడు ఎర్నినాయుడికీ ఉన్నంత తెలివి ఇంకెవరికీ లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు. వాళ్ళిద్దరే అనుకునేవారు, కాఫీ తాగేముందు ఒకసారి, తాగాక ఒకసారి.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే. మన ఇంట్లో అది మగాళ్ళందరికీ ఉంది" అనేవాడు తవిటినాయుడు. మగాళ్ళందరూ అంటే ఆ ఇద్దరే.

అతని పెళ్ళాం వరహాలు ఏమీ అనేది కాదు. పెళ్ళినాడు అరుంధతిని చూడమన్న పురోహితుడు, చాలనడం మరిచిపోయి భోజనానికి వెళ్ళిపోయాడు. పెళ్ళికొడుకు ఆకాశంకేసి చూస్తూ అలాగే ఉండిపోయాడు. మెడ పట్టేసింది. మూడు నిద్రలూ మెడకి తైలం రాయడంతోనే సరిపోయాయి. అప్పటినుంచీ మొగుడికి ఏదైనా చెప్పాలంటే వరహాలు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేది.

వాళ్ళ మేనత్త నూకరత్నం విశాఖపట్నంలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. కొంగు బొడ్లో దోపుకుని ఆవిడ కారు నడుపుతుంటే మగాళ్ళు రోడ్డు దిగి పక్కకి నిలబడేవారట. గౌరవం వల్ల కాదు, ఆ కారుకి బ్రేకులు సరిగా పడేవి కావు. ఆ కారు ఇప్పుడు వీళ్ళ షెడ్డులో ఉంది. కొత్త రంగేశారు, సీట్లు కుట్టించారు. తవిటినాయుడికి అదంటే ప్రాణం. పొద్దున్న లేవగానే పెళ్ళాం మొహం కన్నా ముందు దాని మొహం చూసేవాడు.

ఒకనాడు అత్త ఫోన్ చేసింది. "ఒరే తవిటీ, ఆదివారం మీ భీమిలి బీచ్‌రోడ్డులో పాత కార్ల ఊరేగింపు ఉంది. నేనే నడుపుతాను. ఆ పాత డ్రమ్ము బ్రేకులు తీయించి ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వేయించు. నేను కాలేసిన చోట బండి ఆగిందా, కారు మీ ఇంటికే ఇచ్చేస్తాను. ఆగలేదా, అమ్మేస్తాను."

అంతే. తవిటినాయుడు పరుగున వెళ్ళి మెకానిక్కు ఖాదర్‌ని పిలుచుకొచ్చాడు.

ఖాదర్ కొత్త సామాను దింపాడు. రెండు ఇనప పళ్ళేలు, వాటిని అటూ ఇటూ నొక్కిపట్టే ప్యాడ్లు. "రేపొచ్చి బిగిస్తాను. ఈలోగా జాగ్రత్త. పళ్ళేల మీద చెయ్యి పడకూడదు. ప్యాడ్లకి నూనె తగలకూడదు" అని చెప్పి వెళ్ళాడు.

ఇంకేముంది! చెయ్యి పడకూడదన్నాడు కదా అని అన్నదమ్ములిద్దరూ పళ్ళేన్ని మోచేతుల మధ్య ఇరికించుకుని బల్ల మీదికి ఎత్తబోయారు. అది జారి ఎర్నినాయుడి పాదం మీద పడింది.

"ఓలమ్మో! అన్నియ్యా, చచ్చిపోనాను!"

"అరవకు. చెయ్యి పడిందా?"

"లేదు, కాలే పడింది."

"అయితే పర్వాలేదు."

తర్వాత నూనె సంగతి. ప్యాడ్లు షెడ్డులో ఉన్నాయి, నూనె వంటింట్లో ఉంది. రెండింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. తవిటినాయుడు ఆ గోడని నమ్మలేదు. నూనె డబ్బా తీసుకెళ్ళి కాలవలో పారబోశాడు. దీపం కుందె కడిగించాడు. వరహాలు తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన పట్టి, "నువ్వు షెడ్డు గుమ్మం తొక్కకు" అన్నాడు.

"మరి కూరలో పోపు ఎలాగయ్యా?" అంది వరహాలు.

"నీకు పోపు ముఖ్యమా, బ్రేకులు ముఖ్యమా?"

వరహాలు ఉడకబెట్టిన వంకాయలు పెట్టింది. తెలివైనవాళ్ళిద్దరూ మింగలేక మింగారు.

మర్నాడు ఖాదర్ వచ్చి డిస్కులు బిగించాడు, బ్రేకు ఆయిల్ పోశాడు. ఇక గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకడు లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టుకోవాలి. రెండోవాడు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేస్తే గాలి బయటికి పోతుంది. మళ్ళీ నట్టు బిగించాక లోపలివాడు కాలు తియ్యాలి.

"తవిటన్నా, తొక్కి పట్టుకో. నేను వదలమనేదాకా వదలకు!" అన్నాడు ఖాదర్ చక్రం దగ్గరినుంచి.

తవిటినాయుడు తొక్కాడు. గాలి బుసబుసమని పోయింది. ఖాదర్ నట్టు బిగించాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అతని కూతురికి నొప్పులొచ్చాయి, ఆసుపత్రికి తీసుకెళుతున్నారు. ఖాదర్ పానా అక్కడే పడేసి స్కూటరెక్కి మాయమైపోయాడు. వదలమనడం మరిచిపోయాడు.

అంతే. తవిటినాయుడు అలాగే కూర్చున్నాడు.

మధ్యాహ్నమైంది. వరహాలు గుమ్మం ఇవతలే నిలబడి పిలిచింది. "ఏటయ్యా, అన్నానికి రావా?"

"ఖాదర్ చెప్పలేదు."

"ఆయన నట్టు బిగించేసే వెళ్ళాడు. నేను చూశాను. పనైపోయింది, కాలు తీసెయ్యి."

"ఆడదానివి, బ్రేకుల సంగతి నీకేం తెలుసు?" అన్నాడు తవిటినాయుడు. అప్పటికే మోకాలి కింద తనకో కాలుందన్న సంగతి అతనికి తెలియడం మానేసింది.

"పోనీ అన్నియ్యా, కాసేపు నేను తొక్కనా?" అన్నాడు ఎర్నినాయుడు కుంటుతూ.

"ఖాదర్ చెప్పింది ఎవరికి?"

"నీకు."

"మరి?"

నిజమే కదా అనుకుని తమ్ముడు అన్నం తెచ్చి తినిపించాడు. మంగలిని పిలిచి సీట్లోనే గడ్డం గీయించాడు. మిగతా అవసరాలకి ఒక పాత డబ్బా ఏర్పాటు చేశాడు. దాన్ని పారబొయ్యడం మాత్రం, ఆ ఇంట్లో అన్ని పనుల్లాగే, వరహాలు వంతుకే వచ్చింది. అందుకు మాత్రం ఆవిడ తలనూనె అడ్డం రాలేదు.

ఖాదర్ ఆసుపత్రిలో ఫోన్ ఆపేసుకున్నాడు. ఆదివారం తెల్లారింది. తవిటినాయుడి కాలు పెడల్ మీదే ఉంది. అత్త ఫోన్ చేసి, "బండిని ఎలాగోలా మెట్ట చివరిదాకా తెచ్చి పెట్టండి. అక్కణ్ణుంచి నేను చూసుకుంటాను" అంది.

బ్రేకు తొక్కి ఉన్న బండి కదలదు. ఎర్నినాయుడు ఒక్క క్షణం ఆలోచించి, బెస్తవాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు. పడవని ఒడ్డుకి లాగినట్టు చక్రాల కింద దుంగలు వేసి, మోకులు కట్టి, "హైలెస్సా!" అంటూ కారుని రోడ్డు మీదికి లాగారు. చేపల గంపలు దింపి ఆడవాళ్ళంతా నిలబడిపోయారు. తవిటినాయుడు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. వరహాలు వెనకాల నడిచింది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని. అది సిగ్గో నవ్వో ఎవరికీ తెలియలేదు.

మెట్ట చివర దుంగలు తీసేశారు. కింద పల్లం. పల్లం చివర సముద్రం. మధ్యలో షామియానా, వరసగా పాత కార్లు.

"దిగరా" అంది అక్కడ ఎదురుచూస్తున్న అత్త.

"దిగను. ఖాదర్ చెప్పాలి."

అత్త అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, అటువైపు తలుపు తీసుకుని పక్కన కూర్చుంది, చెవి పట్టుకుని దింపుదామని. అంతలో ఎర్నినాయుడి ఫోన్ మోగింది. ఖాదర్!

"మనవరాలు పుట్టింది ఎర్నన్నా! తవిటన్నకి చెప్పు... ఏమిటీ, ఇంకా తొక్కే ఉన్నాడా? అయ్యో, వదలమను, వదలమను!"

ఎర్నినాయుడు ఫోన్ అన్న చెవి దగ్గర పెట్టాడు. చెవులారా విన్నాడు తవిటినాయుడు. ఆనందంగా కాలు తీసేశాడు.

ఇంకేముంది! బండి పల్లంలోకి జారింది.

"తొక్కరా!" అని కేకపెట్టింది అత్త.

"ఖాదర్ వదలమన్నాడత్తా!"

"తొక్కరా వెధవా, సముద్రం!"

"మళ్ళీ తొక్కమనలేదత్తా!"

ముందు సీటు బల్లలా పొడుగ్గా ఉంది కనక బతికారు. అత్త ఒక్క జరుగు జరిగి, మేనల్లుడి కాలిని పక్కకి తన్ని, బ్రేకు మీద కాలేసింది. బండి కిమ్మనకుండా, అటూ ఇటూ లాగకుండా, షామియానా గుంజకి జానెడు ఇవతల ఆగిపోయింది. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు.

అత్త కొంగు బొడ్లో దోపుకుంది. "బ్రేకులు అద్భుతం. మాటంటే మాటే. కారు మీ ఇంటికే." పరిగెత్తుకొచ్చిన వరహాలు చేతిలో తాళం పెట్టింది. "నేర్చుకుంటావా?"

"ఏం చెయ్యకూడదో రెండ్రోజులుగా చూస్తూనే ఉన్నానత్తా. మిగిలింది మీరు చెప్పండి."

తవిటినాయుడు, "అదేంటత్తా, ఆడదాని చేతికి..." అనబోయాడు.

"మీరిద్దరూ వెనకెక్కి నోరు మూసుకు కూర్చోండి!" అంది అత్త.

అంతే. కూర్చున్నారు. ఊరేగింపు అయింది. అత్త వాళ్ళని ఇంటి దగ్గర దింపి, బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయింది. వరహాలు కొత్త నూనె డబ్బా విప్పి, వంజరం చేప ముక్కలు ఎర్రగా వేయించి, ఇద్దరికీ విస్తళ్ళు వేసింది.

ఇద్దరూ కూర్చున్నారు. నోళ్ళు మాత్రం తెరవలేదు.

"తినరా?"

తవిటినాయుడు పెదాలు బిగించి, విశాఖపట్నం రోడ్డుకేసి వేలు చూపించాడు. అత్త చెప్పాలిగా! లోకంలో మాట మీద నిలబడేవాళ్ళు ఇక ఇద్దరమే మిగిలామని అతని ఛాతీ ఉప్పొంగింది. ఇంతలో ఎర్నినాయుడికి ఆవులింత వచ్చింది. తవిటినాయుడు గబుక్కున రెండు చేతులతో తమ్ముడి దవడలు అదిమిపట్టాడు.

వరహాలు వాళ్ళని చూసింది. చేతిలోని ఫోన్ చూసింది. ఇల్లంతా ఎంత ప్రశాంతంగా ఉందో కాసేపు విన్నది. ఫోన్ బోర్లా పెట్టి, రెండు విస్తళ్ళలోని ముక్కలూ తన కంచంలోకి వేసుకుంది.