తెగని తాడు

రాజుగారి సేనను నడిపే వీరమల్ల దళవాయికి కత్తి కన్నా గాలమంటే మోజు. ఒకనాడు కోట చెరువులో ఆయన గాలాన్ని ఏదో బలంగా లాగింది, మూడు పేటల తాడు పుటుక్కున తెగింది. పెద్ద కొర్రమీను తప్పిపోయిందని ఆయన తాడు పేనిన పైడయ్య మీద విరుచుకుపడ్డాడు.

"రేపటికి తెగని తాడు పేనుకురా. లేదా ఊరు విడిచిపో."

కొర్రమీనుకు మూడు పేటలు చాలని పైడయ్యకు తెలుసు. లాగింది చేప కాదనీ తెలుసు. అయినా పన్నెండు పేటలు వేసి, వేలంత లావున పేని తెచ్చాడు.

వేడుక చూడవచ్చిన రాజుగారి ఎదుట దళవాయి ఆ తాడును గుంజి చూసి మీసం దువ్వాడు.

"మా జాలరుల్లాగా కొస మొలకు కట్టుకోండి దొరా," అన్నాడు పైడయ్య. "చేజారితే మళ్ళీ నా తాడునే అంటారు."

దళవాయి రెండు ముళ్ళు బిగించి, మోకాల్లోతు నీళ్ళలో దిగి, "ఇంతకీ నిన్నటి చేప ఎంతుంటుందంటావు?" అని అడిగాడు.

"చేప కాదు దొరా, మొసలి. అయినా తమకు బెంగ లేదు, ఈ తాడు తెగదు."

రాజుగారు నవ్వాపుకోలేక అటు తిరిగారు. దళవాయి గట్టెక్కి, ముళ్ళు విప్పుకుంటూ మెల్లగా, "ఆ మూడు పేటలదే ఇవ్వరా," అన్నాడు.

పైడయ్య తలపాగాలోంచి తీసి ఇచ్చాడు. ఎలాగూ అడుగుతారని పొద్దున్నే చుట్టుకొచ్చాడు.