లేదని చెప్పలేని లోవరాజు

నలభై వేల రూపాయలతో కాకినాడలో ఉద్యోగాలిప్పించే ఆఫీసు తెరిచిన లోవరాజు లెక్కల్లో చురుకే కానీ, చేదు కబురు చెప్పాల్సి వస్తే మాత్రం అతనికి నోరు పెగిలేది కాదు. ఉద్యోగం వచ్చినవాళ్లకు తానే ఫోన్ చేసి మిఠాయి అడిగేవాడు. రానివాళ్లు చేస్తే ఫోన్ ఎత్తేవాడు కాదు.

ఒకసారి రొయ్యల ఎగుమతి కంపెనీ ల్యాబులో ఉద్యోగానికి హిమజ అనే అమ్మాయిని ఇంటర్వ్యూకు పంపాడు. కంపెనీవాళ్లకు ఆమె నచ్చింది. కానీ, "కొత్త ల్యాబు పని ఆగింది. ఇప్పట్లో ఎవరినీ తీసుకోం" అని లోవరాజుకు కబురు చేశారు. మనిషి చేరితేనే అతనికి ఫీజు వస్తుంది. ల్యాబు పని ఆగిందని తెలిస్తే హిమజ వేరేచోట చేరిపోతుందని, రేపు అది మొదలైనా తన ఫీజు పోతుందని అతను భయపడ్డాడు.

"ఏమన్నారండీ వాళ్లు?" అని హిమజ ఫోన్ చేసింది. "ఆసుపత్రి ల్యాబువాళ్లు రమ్మంటున్నారు. ఏం చెప్పమంటారు?"

"ఇక్కడ దాదాపు అయిపోయినట్టేనండీ, కాస్త ఆగండి" అన్నాడు లోవరాజు.

ఆమె ఆసుపత్రివాళ్లకు రానని చెప్పేసింది. ఆ తర్వాత లోవరాజు ఫోన్ ఎత్తడమే మానేశాడు. చివరికి ఆమె కంపెనీ గేటు దగ్గరికే వెళ్లి అడిగితే నిజం తెలిసింది. ఆసుపత్రి ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు.

హిమజ నేరుగా లోవరాజు ఆఫీసుకు వచ్చింది. "లేదని ఒక్క ముక్క చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయాండీ?"

"మీరు బాధపడతారని..." అని నసిగాడు లోవరాజు.

"బాధ ఒక్క పూటండీ! ఇప్పుడు చేతికొచ్చిన ఉద్యోగమే పోయింది" అని ఆమె వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు కొత్త ల్యాబు సిద్ధమైంది. రొయ్యల కంపెనీ మేనేజరు హిమజనే పంపమన్నాడు. లోవరాజు బెరుకుగా ఫోన్ చేశాడు. ఆమె వెంటనే ఎత్తింది.

"అప్పుడు తప్పయిపోయిందండీ. మీకోసం మళ్లీ అడుగుతున్నారు" అన్నాడు.

"నేను రానండీ. సొంతంగా వెతుక్కుని మందుల కంపెనీలో చేరాను, బాగుంది. నాకోసం ఆగకుండా ఇంకొకరిని చూసుకోండి" అంది హిమజ.

లోవరాజు ముఖం చిన్నబోయింది. అయినా ఈసారి దాచకుండా మేనేజరుకు ఆ మాటే చెప్పాడు.

"ఇప్పుడే చెప్పి మంచి పని చేశావయ్యా. ఇంకొకరిని పంపు" అన్నాడు మేనేజరు. లోవరాజు పంపిన మరో అమ్మాయికి ఆ సాయంత్రమే ఉద్యోగం ఖాయమైంది.

ఇన్నాళ్లూ తాను చెప్పడానికి భయపడిన చేదు మాటే ఇవాళ తన పని సులువు చేసిందని లోవరాజుకు అర్థమైంది. మనసు తేలికపడింది. తన జవాబు కోసం ఇంకా ఎంతమంది ఆగి ఉన్నారో గుర్తొచ్చింది. కుర్చీ ముందుకు లాక్కుని, వాళ్లలో మొదటి మనిషికి చెప్పాల్సిన మాట కూడదీసుకుంటూ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

రాని ఉద్యోగాన్ని రాలేదని వెంటనే చెప్పడమే, ఎదురుచూసేవాళ్లకు మనం చేయగల మొదటి సాయం.