తెల్లబడిన ఓడ

ప్రశ్న అడిగితే పేరిందేవి గారికి చెవుడు వచ్చేది. పక్క గదిలో ఎవరో అగ్గిపుల్ల గీసినా పసిగట్టే మనిషికి, శిష్యుడు ఎందుకండీ అనో ఎలాగండీ అనో నోరు తెరిచేసరికి ఒక్క ముక్క వినపడేది కాదు. కళ్లజోడు సర్దుకుని చేతిలో పని అందుకునేవారు. జవాబు మర్నాడు రావచ్చు, వానాకాలం వెళ్లాక రావచ్చు. అదీ మాటల్లోనే వస్తుందన్న పూచీ లేదు. మట్టిలోంచి బయటపడిన పాత నాణేలను శుభ్రం చేసి నిలబెట్టే విద్యలో ఆవిడకు సాటి లేరని ఎరిగినవాళ్లు చెప్పుకునేవారు. ఆవిడ మాత్రం నాణేన్ని ముట్టుకోవడం ఎవరికైనా వచ్చుననీ, తాను ఇన్నేళ్లూ నేర్చుకున్నది ముట్టుకోకుండా కూర్చోవడమేననీ అనేవారు. కొత్తగా వచ్చిన శిష్యులు అది వినయం అనుకుని మర్యాదకు నవ్వేవారు.

అలాంటి గురువుగారిని ప్రభుదాసు ఒక ఉదయం ఇలా అడిగాడు: "అమ్మగారూ, ఒక వస్తువు ఇక బాగుపడదని ఎప్పుడు తెలుస్తుంది?" అడిగేటప్పుడు అతని చేతిలో మెత్తటి కుంచె ఉంది. ఎందుకు అడిగాడో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ప్రభుదాసు పనిచేసేది సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊళ్లో, ఊరికి తగ్గ చిన్న ప్రదర్శనశాలలో. పేరిందేవి గారు అక్కడే ఉద్యోగం చేసి విరమించారు గాని, కాఫీ ఫ్లాస్కూ గొడుగూ పట్టుకుని రావడం మాత్రం విరమించలేదు. అక్కడ గొప్పగా చెప్పుకోదగ్గ వస్తువు ఒక్కటే: శాతవాహనుల కాలం నాటి సీసపు నాణెం, దాని మీద రెండు తెరచాప కొయ్యల ఓడ. బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది. అంత చిన్న జాగాలో ఎవరో మహానుభావుడు ఓడ కట్టి, తాళ్లు బిగించి, సరిపోదన్నట్టు కింద అలలు కూడా గీశాడు. బడిపిల్లలు వచ్చినా పెద్ద అధికారులు వచ్చినా ముందు చూపించేది దాన్నే.

ప్రభుదాసు తండ్రి యేసుపాదం వడ్రంగి. ఊళ్లో సగం ఇళ్ల గుమ్మాలు ఆయన చేతిలోంచి వచ్చినవే. ఒక్కగానొక్క కొడుకు ఉలి వదిలేసి, కుంచె పట్టుకుని, ఎప్పుడో పోయిన రాజుల చిల్లరకు తుప్పు తుడిచే ఉద్యోగంలో చేరడం ఆయనకు మింగుడుపడలేదు. ఇద్దరి మధ్యా మాటలు ముక్తసరి అయ్యాయి. అన్నం తిన్నావా, తిన్నాను. గొళ్లెం పెట్టావా, పెట్టాను. తరవాత ఆయన చేతులు వణకడం మొదలుపెట్టాయి. పనులు ఒప్పుకోవడం ఒక్కొక్కటిగా మానేశాడు. అలాంటి మనిషి, క్రిస్మస్ వెళ్లిన వారంలో, తువ్వాలులో ఏదో చుట్టుకుని మొదటిసారి ప్రదర్శనశాల మెట్లెక్కి, "నీ ఓడకిరా" అని కొడుకు చేతిలో పెట్టాడు. అది కొత్త టేకు పెట్టె. నాణెం గోరంత, పెట్టె జానెడు. మేకన్నది లేకుండా చెక్కలో చెక్క బిగించి చేసినది. మూత వేస్తే గాలి కూడా దూరదు. వణికే చేతులతో ఎన్నాళ్లు కూర్చుని చేశాడో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. ఆ పూటే దూది పరిచి నాణేన్ని అందులో పడుకోబెట్టాడు. ఆనాటి నుంచి ఇంట్లో కంచాల దగ్గర మాటలు కాస్త పొడవయ్యాయి. ఓడ ఎలా ఉందిరా అని తండ్రి అడిగేవాడు, క్షేమమే నాన్నా అని ఇతను అనేవాడు.

వేసవి సెలవులకూ వానలకూ చూడవచ్చేవాళ్లు లేక పెట్టె మూసే ఉండిపోయింది. వానలు వెనకబట్టాక ఒక రోజు, బడిపిల్లలు వస్తున్నారని ప్రభుదాసు మూత తీశాడు. నాణెం బియ్యప్పిండిలో దొర్లించి తీసినట్టు తెల్లగా ఉంది. ఓడ లేదు. పిల్లలకు ఏవో పాత కుండలు చూపించి పంపేసి, వెనక గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాడు. నిజం చెప్పాలంటే అతనికి ముందు దిగులేసింది నాణెం గురించి కాదు, ఈ మాట నాన్నకు ఎలా చెప్పడమా అని. బూజులాంటి ఈ తెలుపు తుడిచేస్తే అడుగున ఓడ ఉంటుంది, ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు అనుకున్నాడు. కుంచె తీసుకుని ఒక పక్క నుంచి మొదలుపెట్టాడు. పొడి తేలిగ్గానే రాలింది. కింద ఓడకు బదులు గుంటలు పడిన బూడిదరంగు మొద్దు బయటపడింది. ఇంకొంచెం తుడిస్తే కనిపిస్తుందేమోనని ఇంకొంచెం తుడిచాడు. ముందరి తెరచాప కొయ్య ఉండవలసిన చోటంతా బోసిపోయేసరికి తుడవడం ఆపాడు. అప్పుడే తలుపు కిర్రుమంది. ముందు గొడుగు లోపలికి వచ్చింది, దాని వెనక పేరిందేవి గారు వచ్చారు. ఆ ప్రశ్న అడిగింది అప్పుడు.

ఆవిడకు వినపడలేదు. బల్ల దగ్గరికి వచ్చి, నాణేన్ని కాకుండా పెట్టెను చేతిలోకి తీసుకుని, మూత తీసి వాసన చూశారు. పాడైన ఊరగాయ జాడీ తెరిచినట్టు మొహం పెట్టి, దాన్ని అలాగే తీసుకెళ్లి కిటికీలో పెట్టారు. తరవాత శిష్యుడి చేతిలోంచి కుంచె తీసేసుకున్నారు.

"దాని మీద ఊపిరి కూడా వదలకు," అన్నారు. "అది మురికి కాదు దాసూ. ఆ పొడే నాణెం."

కొత్త కర్రను గాలాడకుండా మూస్తే అందులోంచి పులిసిన ఆవిరి వస్తుంది. మన ముక్కుకు అది తెలిసీ తెలియని వాసన, సీసానికి మాత్రం విషం. పెట్టె ఎంత బిగువుగా కుదిరితే అంత చేటు. రెండు వేల ఏళ్లు బురదలో నిక్షేపంగా ఉన్న ఓడ, అపురూపంగా దాచుకున్న పెట్టెలో కొన్ని నెలలకే తెల్లబడింది. అయినా సీసం ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటనే, కొయ్య కొయ్యగా, తాడు తాడుగా, పొడిగా మారి నిలబడి ఉంది. ఎవరూ కదపకపోతే దాన్ని మళ్లీ లోహంగా మార్చే ఉపాయం ఉంది. ఇదంతా ఆవిడ కొంచెం కొంచెంగా, పని మధ్యలో, తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పారు. బల్ల మీద రాలిన పొడిని ప్రభుదాసు కాగితం మీదికి ఎత్తి, దీన్ని తిరిగి పెట్టలేమా అని అడిగాడు. ఏ రేణువు ఏ తాడుదో నీకు గుర్తుందా అన్నారు ఆవిడ. ఎన్నడూ లేనిది ఆ ఒక్క ప్రశ్నకు వెంటనే జవాబు వచ్చినందుకు అతనికి ఏడుపొచ్చింది.

నాణేన్ని రెండు సన్నటి తీగవలల మధ్య పొదిగి, గాజు గిన్నెలో లవణం కలిపిన నీళ్లలోకి దించారు. టార్చి బల్బు కూడా వెలగని పాటి కరెంటు దానికి తగిలించారు. కాస్త పెంచితే త్వరగా అయిపోతుంది కదండీ అన్నాడు ప్రభుదాసు. చెవుడు మళ్లీ వచ్చింది. అతను ఊరుకోలేక, తెల్లపొడి పట్టిన పనికిరాని సీసపు ముక్క ఒకటి తెచ్చి వేరే గిన్నెలో కరెంటు పెంచి చూశాడు. బుడగలు జోరుగా పుట్టి, పైనున్న పొడినంతా విదిలించి పారేశాయి. ఇక ఆ ఊసు ఎత్తలేదు.

ఆ తరవాత చెయ్యడానికి ఏమీ లేకపోయింది. అసలు కష్టం అదే. రోజూ వచ్చి గిన్నెలోకి చూడడం, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. తెలుపు ఒక అంచున మసకబారినట్టు కనిపించేది. నిజమో తన ఆశో అతనికి తెలిసేది కాదు. ఇంట్లో తండ్రి ఓడ ఎలా ఉందిరా అంటే క్షేమమే నాన్నా అంటూ కంచం ముందు నుంచి లేచేవాడు. ఒకనాడు గురువుగారు తలెత్తకుండానే, పెట్టె చేసినాయనకు చెప్పావా అని అడిగారు. లేదన్నాడు. ఆ పెట్టె తరవాత ఆయన మళ్లీ ఉలి పట్టలేదనీ, ఇంట్లో తామిద్దరూ మాట్లాడుకునే నాలుగు మాటలూ దాని పుణ్యమేననీ, చెబితే అవీ పోతాయనీ అన్నాడు. ఉప్పుగాలి తగిలి ఇలా అయిందంటే సరిపోదా అని కూడా అన్నాడు.

"ఆదివారం పైకి తీద్దాం," అన్నారు ఆవిడ. "మీ నాన్నగారిని తీసుకురా."

ఆదివారం యేసుపాదం ఇస్త్రీ చొక్కాతో చర్చి నుంచి తిన్నగా వచ్చాడు. గదిలో అడుగుపెట్టగానే, కిటికీలో మూత తెరుచుకుని ఖాళీగా ఉన్న తన పెట్టె మీద ఆయన చూపు పడింది. పేరిందేవి గారు కరెంటు ఆపి, నాణేన్ని పైకి తీసి, శుద్ధమైన నీళ్లలో ముంచి, ఆరనిచ్చి, దీపం కింద పెట్టారు. తెలుపు పోయింది. ముదురు బూడిదరంగు సీసం మీద వెనకటి తెరచాప కొయ్య తాళ్లతో సహా లేచి నిలబడి ఉంది. చుక్కాని ఉంది, కింద అలలున్నాయి. ముందు భాగం లేదు. కుంచె తిరిగిన మేరా బోసిగా ఉంది. కుంచె ఆగిన చోట ఓడ మొదలవుతోంది.

ప్రభుదాసు ఇంటి దగ్గర సిద్ధం చేసుకొచ్చిన మాట ఉప్పుగాలి. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నాన్నా, నీ పెట్టెలో పెట్టినందుకు ఇది తెల్లబడింది. కొత్త టేకు సీసానికి పడదు. తెలుసుకుని పెట్టాల్సినోణ్ణి నేను." బోసిగా ఉన్న మేర వేలితో చూపించాడు. "నీకు తెలియకూడదని తుడిచాను. ఈ ముందు పక్క పోయింది అందుకే."

యేసుపాదం వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. భూతద్దం అందుకున్నాడు. చెయ్యి వణుకుతోందని కొడుకు పట్టుకోబోతే మోచేత్తో తోసేశాడు. వంగి చాలాసేపు చూశాడు. అద్దం వణికినప్పుడల్లా అందులో ఓడ లేచి పడుతోంది.

"ఒరే," అన్నాడు మెల్లిగా, "ఇది నడుస్తోందిరా."

ప్రభుదాసు తండ్రి భుజం మీదుగా వంగి చూశాడు. నిజంగానే నడుస్తోంది. కళ్లు నిండి అతనికి మరేమీ కనిపించలేదు. కాసేపటికి తండ్రి, అద్దంలోంచి చూపు తిప్పకుండానే, టేకు పడకపోతే దీనికి ఏది పడుతుందో కనుక్కో, రేకయినా గాజయినా చేతనైనంత చూద్దాం అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడి చాలా ఏళ్లయింది.

ఈలోగా పేరిందేవి గారు కిటికీలోని పెట్టెను తెచ్చుకున్నారు. కుంచెలు పెట్టుకోవడానికి ఇంత మంచిది తనకు ఎప్పుడూ దొరకలేదనీ, యేసుపాదం గారు కాదనకపోతే తీసుకుంటాననీ అన్నారు. ఆయన తలెత్తి, తీసుకోండమ్మగారూ అన్నాడు. బల్ల మీద చెల్లాచెదరుగా ఉన్న కుంచెలన్నీ ఆవిడ ఏరి వరసగా సర్దారు. ఆ రోజు శిష్యుడి చేతిలోంచి తీసుకున్న మెత్తటి కుంచెను అన్నిటికన్నా చివర పెట్టి మూత వేశారు. అప్పుడు, ఎవరో ఆ క్షణమే ఏదో అడిగినట్టు, ప్రభుదాసు వైపు తిరిగారు.

"తుడిచెయ్యనంతవరకు, బాగుపడదని అనడానికి లేదు దాసూ," అన్నారు.