గట్టిమేళం ఎంతసేపు?

బుడేసాహెబు గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు దొరికేది కాదు. సన్నాయి పీకను పెదవుల మధ్య తడుపుకుంటూ, వినీ విననట్టు తలాడించి, "రేపు పెళ్లుంది, రా" అనేవారు. చీరాల చుట్టుపక్కల నలభై ఏళ్లుగా పెళ్లిళ్లకు వాయిస్తున్న మనిషి. ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో సగం మంది జవాబుల కోసం చూసి చూసి విసిగి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో కిరీటి ఒకడు.

నిజం చెప్పాలంటే కిరీటి సన్నాయి కంటే గిటారు బాగా వాయిస్తాడు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక ఆల్బం చేశాడు. పోస్ట్‌రాక్ అంటారట దాన్ని. ఏడు భాగాలు, ఒక్క మాట లేదు. రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్ములు, అంతే. నాలుగే నాలుగు స్వరాలు పట్టుకుని మెల్లగా మొదలై, పాలు పొంగినట్టు పొంగి, చివరి భాగానికి వచ్చేసరికి గోడలు అదిరేలా మోగుతుంది. అదంతా తల్లి కోసం చేశాడు. రెండేళ్ల కిందట వాడి చెల్లెలు విషజ్వరంతో పోయింది. తండ్రి గుండెజబ్బు మనిషి. ఆయన మనసు కష్టపెట్టొద్దని డాక్టరు చెప్పిన మాటకు కట్టుబడి, ఆ తల్లి అప్పటి నుంచి నోరు తెరిచి ఏడవలేదు. వండటం, వేళకు మందులివ్వడం, అంతే. ఇలా లోలోపలే కుమిలి అమ్మ కూడా ఏమైపోతుందోనని కిరీటికి దిగులు.

"మాటలు రాయించమంటున్నారు గురువుగారూ మావాళ్లు. మా చెల్లి పేరైనా లేకపోతే ఇది దేని గురించో మా అమ్మకెట్టా తెలుస్తది?" అని ఒకనాడు అడిగాడు.

"రేపు వేటపాలెంలో పెళ్లుంది. తాళాలు పట్టు, రా" అన్నారు సాహెబు గారు.

పగటి ముహూర్తం. తల్లి లేని పెళ్లికూతురు. కన్యాదానానికి దంపతులు కూర్చోవాలి కనుక పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ ఉన్నారు. కన్నతండ్రి మాత్రం మేళగాళ్ల పక్కన స్తంభానికి ఆనుకుని, పరాయి పెళ్లికి వచ్చినవాడిలా నిలబడ్డాడు. వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ నమస్కారం పెడుతున్నాడు. శుభమా అని పెళ్లి జరుగుతుంటే కంట తడి పెట్టొద్దని అన్నగారు పొద్దుటే గట్టిగా చెప్పి ఉంచారు.

పురోహితుడు వేలెత్తి "గట్టిమేళం, గట్టిమేళం!" అని కేకపెట్టాడు. కోటయ్య డోలు ఒక్కసారిగా లేచింది, సన్నాయి దాన్ని అందుకుంది, అక్షతలు గాల్లోకి లేచాయి. మూడు ముళ్లూ పడ్డాయి. పురోహితుడు ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. మన కిరీటి బుద్ధిమంతుడు కదా, ఠక్కున తాళం ఆపేశాడు, కోటయ్య డోలు కూడా కాస్త తగ్గింది. ఆగిన ఆ సందులోంచి వాడికి ఒక చప్పుడు వినిపించింది. స్తంభం పక్కన పెళ్లికూతురి తండ్రి కండువా నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ముందు వరసలో ఇద్దరు చుట్టాలు ఏమిటా అని తల తిప్పబోయారు.

సాహెబు గారు శిష్యుడి వంక ఉరిమి చూశారు. సన్నాయి ఆపలేదు సరికదా, ఇంకో మెట్టు పైకెత్తారు. కోటయ్యకు ఆ చూపు ఏనాటి నుంచో తెలుసు, డోలు పగిలిపోతుందేమో అన్నట్టు బాదాడు. కిరీటి గాభరాగా తాళం అందుకున్నాడు. పురోహితుడు విసుక్కున్నాడు, వీడియో తీసేవాడు చేతులూపాడు. ఎవరెంత చెప్పినా ఆ తండ్రి మొహం తుడుచుకుని, ముందుకు నడిచి, కూతురి తల మీద అక్షతలు వేసేదాకా మేళం మోగుతూనే ఉంది.

"పంతులుగారు ఆపమన్నా ఆపలేదేం గురువుగారూ?" అని భోజనాల దగ్గర అడిగాడు కిరీటి.

"ఆయన మంత్రం అయిపోయింది. ఈయనది కాలేదు" అని సాహెబు గారు పప్పన్నంలో ఇంకాస్త నెయ్యి వేయించుకున్నారు.

కిరీటి మాటలు రాయించలేదు. ఆ ఆదివారం తండ్రి వసారాలో పేపరు చదువుకుంటుంటే, వంటింట్లో తల్లి పక్కన స్పీకరు పెట్టి చివరి భాగం మోగించాడు. ఆమె గోరుచిక్కుళ్లు తుంచుతోంది. "తగ్గించరా, నాన్న ఉన్నారు" అంది మొదట. గిటార్లు రెండూ కలిసి పైకి లేచేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. కిరీటి ఇంకాస్త సౌండు పెంచాడు. వసారాలోంచి తండ్రి "ఏందిరా ఆ మోత!" అని అరిచాడు. "అయిపోవచ్చింది నాన్నా!" అని వాడు అబద్ధమాడి, ఎనిమిది నిమిషాల ఆ భాగాన్ని మూడుసార్లు వేశాడు. మూడోసారికి తల్లి కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ గోరుచిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది. ఇది దేని గురించని ఆమె అడగలేదు.

సాయంత్రం కిరీటి ఒక్క పరుగున గురువుగారి ఇంటికి వెళ్లాడు. "మా అమ్మ ఏడ్చింది గురువుగారూ!" అన్నాడు. వాడికీ కళ్లు నిండాయి.

బుడేసాహెబు గారు ప్రేమగా వాడి నెత్తిన ఒక్క మొట్టికాయ వేశారు.

"ఆ సంగతి నాకెందుకు చెప్తావురా? ఎవరికీ వినపడకూడదనే కదా మనం అంత గట్టిగా వాయించేది."