కొలతాడు రెండో కొస

కొండ మీద ఒక గూడెం, గూడేనికి ముందు ఒక వాగు, వాగుకి అవతలి ఒడ్డున ఒక మందులిల్లు ఉండేవి. మందులిల్లు రాజుగారు కట్టించారు. గూడెం కోసం కట్టించింది గూడెంలో ఎందుకు కట్టించలేదయ్యా అంటే, శంకుస్థాపన రోజున రాజుగారి రథం ఆ ఒడ్డు దాకానే వచ్చింది. రాజుగారి కాళ్లకి కొత్త చెప్పులున్నాయి. వాటిని తడుపుకోవడం ఇష్టం లేక అక్కడే కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోయారు.

ఇల్లు మాత్రం ముచ్చటగా ఉండేది. టేకు చెక్క గోడలు, ఎర్ర పెంకులు, అరల నిండా సీసాలు, సీసాల మధ్య మందులమ్మ. పట్నం నుంచి వచ్చిన మనిషి. పని తెలిసిందే, మనసూ మంచిదే. ఆవిడకి రాజాజ్ఞ ఒకటే: ఇల్లు వదిలి కదలకూడదు. అందుకని గుమ్మంలో కూర్చుని ఈగలు తోలుకుంటూ రోగుల కోసం ఎదురుచూసేది.

జ్వరాలవాళ్లూ దెబ్బలవాళ్లూ ఎలాగో వాగు దాటి వచ్చేవాళ్లు. నెలలు నిండిన ఆడవాళ్లు మాత్రం రారు. నెలలు నిండాక పారే నీళ్లు దాటకూడదని ఆ కొండ మీద కట్టుబాటు. దాటితే నీళ్లు బిడ్డని అడుగుతాయట. ఆ వాగు ఎద్దుల్నే లాక్కుపోయేది గనక, ఈ మాట నిజమో కాదో పరీక్షించే సరదా ఎవరికీ పుట్టలేదు.

ఏటేటా వానలు వెలిశాక కొలతలాయన వచ్చేవాడు. రాజ్యంలో మందులిళ్లు ఎంత బాగున్నాయో కొలిచి చెప్పడం ఆయన ఉద్యోగం. పట్టు కొలతాడు తీసి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచేవాడు. తర్వాత గూడెం వాళ్లని ఆ ఒడ్డుకి పిలిపించి, "మందులిల్లు ఎలా ఉంది?" అని అడిగేవాడు. "బాగుంది బాబూ" అనేవాళ్లు. మందులమ్మ? బాగుంది. మందులు? బాగున్నాయి. అంతా బాగుందని రాసుకుని, ఇంటి వెనక్కి వెళ్లి, తన ఇత్తడి కారియర్ విప్పుకుని పులిహోర తిని వెళ్లిపోయేవాడు.

తిరకాసంతా ఆ కారియర్‌లోనే ఉంది. మన ఇంట్లో మెతుకు ముట్టని చుట్టానికి చెడ్డమాట చెప్పకూడదనేది గూడెం మర్యాద. కొలిచే చోట మంచినీళ్లయినా ముట్టకూడదు, ముడితే కొలత వంకరపోతుందనేది రాజుగారి నియమం. ఆయన నిజాయితీ కొద్దీ తినడు, వీళ్లు మర్యాద కొద్దీ చెప్పరు. ఇలా ఎవరి ధర్మం వాళ్లు తు.చ. తప్పకుండా పాటించగా పాటించగా, ఆ మందులిల్లు రాజ్యం మొత్తానికి ఉత్తమమైనదని పేరు తెచ్చుకుంది.

గూడెంలో బుట్టలమ్మ అని ఒకావిడ ఉండేది. వెదురుబుట్టలు అల్లుతుంది, నోరు కాస్త పెద్దది. ముందటేడు ఆవిడ పెద్దకూతురికి నొప్పులొచ్చాయి, బిడ్డ అడ్డం తిరిగింది. ఈ ఒడ్డున నిలబడి తల్లి కేకలు పెట్టింది. ఆ ఒడ్డున గుమ్మంలో నిలబడి "తీసుకురండి, తీసుకురండి" అని మందులమ్మా కేకలు పెట్టింది. వీళ్లు దాటకూడదు, ఆవిడ కదలకూడదు. కేకలు మాత్రం రెండువైపులా బాగానే దాటాయి. పొద్దెక్కేసరికి పిల్ల కడుపులో బిడ్డతో సహా పోయింది.

ఆ ఏడే కొలతలాయన వచ్చి, "మందులిల్లు ఎలా ఉందమ్మా?" అని సరిగ్గా ఆవిడనే అడిగాడు. "రెండు ముద్దలు తినండి బాబూ, అప్పుడు సెప్తాను" అని ఆవిడ బతిమాలింది. ఆయన తిననన్నాడు. ఆవిడ చీరచెంగు నోట్లో కుక్కుకుంది, మళ్లీ తీసింది, "బాగుంది బాబూ" అంది. కూతురు పోయిన దుఃఖం ఒక ఎత్తు, ఆ మాట తన నోట రావడం ఒక ఎత్తు. అప్పట్నుంచీ ఆవిడకి తిన్నది ఒంటబట్టలేదు.

ఇప్పుడు ఆవిడ చిన్నకూతురికి నెలలు నిండాయి.

ఇంతలో పొరుగు రాజు దగ్గర్నుంచి రాజుగారికి ఒక కొత్త మాట అందింది: కలిసి కొలవడం. ఎవరి కోసం కట్టామో వాళ్లతో కలిసి కొలిస్తేనే కొలత నిగ్గు తేలుతుందట. అదేమిటో పొరుగు రాజుకీ సరిగా తెలియదు గానీ, మాట చెవికి ఇంపుగా ఉంది. వెంటనే దండోరా వేయించారు. కొలతలాయన బుర్ర బద్దలుకొట్టుకుని, కలిసి కొలవడమంటే తాడు రెండో కొస గూడెం వాళ్లు పట్టుకోవడమేనని తేల్చుకున్నాడు.

"ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు మందులింటి ముందు నిలబడి.

"నాను" అంది బుట్టలమ్మ, ఇంకెవరూ నోరు తెరవక ముందే.

కొస చేతికి రాగానే ఆవిడ గోడ వైపు వెళ్లలేదు. వాగు వైపు నడిచింది.

"అటెక్కడికమ్మా?"

"కొలవడానికే బాబూ. నా కొస మా ఇంటికాడ మొదలవుద్ది."

అది రాజముద్ర వేసిన తాడు. వదిలితే ఉద్యోగం వదిలినట్టే. ఉండ విప్పుకుంటూ వచ్చాడు, అది అయిపోయింది, ఆ తర్వాత ఆయనే కదలాల్సి వచ్చింది. నడుము దాకా వాగులో దిగి, ఒక చేత్తో తాడు, ఒక చేత్తో పంచె పట్టుకున్నాడు. కారియర్‌కి మూడో చెయ్యి లేదు. అది భుజం మీంచి జారి, గిన్నెకో దారిగా విడిపోయి, పులిహోరతో సహా కొట్టుకుపోయింది. పాపం, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. గట్టు మీద పిల్లలు చప్పట్లు కొట్టారు.

బుట్టలమ్మ ఇంటి ముందు తడిగుడ్డలతో కూలబడ్డాడు. ఆవిడ ఆకుదొన్నె నిండా చోడి అంబలి పోసి, పక్కన ఉల్లిపాయ పెట్టి ముందుంచింది.

"తినకూడదమ్మా. నియమం."

"ఎవులింట్లో తినకూడదు?"

"ఎవరిని కొలుస్తున్నామో వాళ్ల ఇంట్లో."

"మరి నాను కొలిపించుకునేదాన్నా, కొలిసేదాన్నా? రెండో కొస ఎవులు పట్టుకున్నారు?"

కొలతలాయన ఆవిడ చేతిలోని కొస వైపు చూశాడు.

"ఇది కొలిసేవోళ్ల ఇల్లు బాబూ. కొలిసేవోడు కొలిసేవోళ్ల ఇంట్లో తింటే రాజుగోరు ఏటంటారు?"

ఆయన ఆ మాటలో తప్పు వెతికాడు. నియమాలన్నీ కంఠతా వచ్చినవాడే గానీ, కడుపు కాలుతున్నప్పుడు తప్పులు తొందరగా దొరకవు. దొన్నె ఎత్తాడు. రెండోది తనే అడిగి పోయించుకున్నాడు.

మొదటి దొన్నె దించాడో లేదో బుట్టలమ్మ మాట అందుకుంది. పెద్దకూతురి సంగతి చెప్పింది. "బాగుంది" అన్న సంగతీ చెప్పింది. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ తిట్టింది. వాగుని, రాజుని, మందులమ్మని, తనని, చివరికి ఎదురుగా అంబలి తాగుతున్న ఆయన్ని కూడా. చుట్టూ మూగినవాళ్లు అది విని ఊరుకుంటారా? తిన్న మనిషి ఇన్నాళ్లకి దొరికాడు.

"పొద్దున తెల్ల మాత్ర, రాత్రికి ఎర్ర మాత్ర ఎయ్యమంటాది. సీకట్లో తెలుపేది, ఎరుపేది?" అన్నాడొక ముసలాయన.

"కూకోమనైనా అనదు, రోగమేటని అడుగుద్ది. ఏటి సెప్పుకుంటాం, సిగ్గునేదా?" అంది ఇంకొకావిడ.

కొలతలాయన తల వేలాడేశాడు. "మీరు చెప్పేదంతా నిజమే. కానీ నా కాగితంలో 'బాగుంది' కాక గళ్లు మూడే. పొడవు, వెడల్పు, ఎత్తు. ఏ ఒడ్డు అనే గడి లేదు."

"నేకపోతే?"

"గడి లేనిది రాజుగారికి కనపడదు."

బుట్టలమ్మ కళ్లు తుడుచుకుంది. గుమ్మంలో ఆయాసపడుతూ కూర్చున్న చిన్నకూతురి వైపు కాసేపు చూసింది.

"అయితే బాబూ, ఇల్లు ఏ ఒడ్డునున్నాదో రాజుగోరికి కనపడదన్నమాట."

ఆయనకి అంబలి పొలమారింది.

ఇల్లు విప్పి ఈ ఒడ్డుకి తెచ్చుకుంటే వస్తారా అని మందులమ్మని అడిగితే, "ఆ ఇంట్లో కూర్చోమని నాకు ఆజ్ఞ. ఇల్లెక్కడుంటే నేనక్కడ" అంది. ఆవిడ నవ్వగా గూడెం చూడటం అదే మొదలు. సీసాలు తనే ముందుగా సర్దింది.

విప్పే ముందు ప్రతి దూలం, ప్రతి పలకా కలిసి కొలిచారు. ఆ కొస బుట్టలమ్మ, ఈ కొస కొలతలాయన. వేలెడు తేడా వచ్చినా రాజుగారికి కనపడుతుంది గనక, ఆయన తన ఉద్యోగంలో అంత శ్రద్ధగా ఎన్నడూ కొలవలేదు. మగవాళ్లు దూలాలు భుజాన వేసుకుని, ఆడవాళ్లు బుట్టల్లో పెంకులు పెట్టుకుని వాగు దాటించారు.

నిలబెట్టే దగ్గర పెద్ద గొడవైంది. వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని ఊపిరి తీసుకోవడానికి అరుగు లేనిదే అది ఇల్లే కాదని గూడెం వాళ్లు. అరుగు కడితే కొలత మారిపోతుందని ఆయన. అరుగు ఇంటికి బయటిది, గళ్లలోకి రాదని బుట్టలమ్మ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా పూటంతా గడిపారు. చివరికి అరుగే గెలిచింది. మందులమ్మ తనంతట తనే ఎర్ర మాత్రలు గరుకాకులో, తెల్ల మాత్రలు నున్నటాకులో పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. చీకట్లో తడిమి చూసుకుంటే చాలు.

గోడలు లేచాయి. పెంకులు సగమే పడ్డాయి. చిన్నకూతురికి నొప్పులొచ్చాయి.

ఈ బిడ్డా అడ్డం తిరిగే ఉంది. గూడెం మంత్రసాని పొట్ట తడిమి చూసి, మంచం మందులింటికి పట్టమంది. మందులమ్మ గుమ్మం దాటలేదు, మంచమే గుమ్మం లోపలికి వచ్చింది. మంత్రసాని చేతులు ఒకవైపు, మందులమ్మ చేతులు ఒకవైపు పనిచేశాయి. ఒకరి పద్ధతి ఒకరికి నచ్చక మధ్యలో కసురుకున్నారు కూడా. కప్పు మీద కొలతలాయన చేతిలో పెంకుతో, పైకి పోవాలో కిందికి దిగాలో తెలియక, కళ్లు గట్టిగా మూసుకుని దూలాన్ని కరుచుకుని ఉండిపోయాడు.

ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది. బుట్టలమ్మ గోడకి చేరగిలబడి నవ్విందో, ఏడ్చిందో చూసినవాళ్లకి తెలియలేదు. ఆవిడకీ తెలియలేదు. ఆ పూట అందరి ఇళ్లలోంచీ తెచ్చిన అంబలి ఆవిడ కడుపారా తాగింది.

కొలతలాయన ఎంతకీ తిరిగి రాకపోయేసరికి రాజుగారు ఇంకొకాయన్ని పంపారు. కొత్తాయన అవతలి ఒడ్డుకి వచ్చి చూస్తే, ఇల్లు ఉండాల్సిన చోట నాలుగు గుంతలు, ఒక మేక ఉన్నాయి. తలెత్తితే వాగుకి ఇవతల మందులిల్లు, అరుగు నిండా జనం. ఇదేం ఘోరమని అరవబోయి ముందుగా కాగితం చూసుకున్నాడు. అందులో అరవడానికి గడి లేదు. కొలవడం మాత్రం తప్పదు. వాగులోకి తొంగి చూశాడు. అది జోరు మీద ఉంది.

"ఏమమ్మా! నేను అటు ఎలా రావాలి?" అని కేకేశాడు.

బుట్టలమ్మ మనవరాలిని భుజాన వేసుకుని ఒడ్డు దాకా వచ్చింది. ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. పొట్ట దగ్గర చూపు కాసేపు ఆపింది.

"దిగి రండి బాబూ! మీకేటీ నెలలు నిండనేదు కదా!"