నక్క కషాయం, చారల చేప తోక

వరిచేను పక్కన పంటకాలువ ఆ ఉదయం నిమ్మళంగా పారుతోంది. బాతు సింగారమ్మ గుండెలోనే దడ. ముళ్లకంచెకు తగులుకుని ఆమె కాలివేళ్ల మధ్య తోలు చీరుకుపోయింది.

గట్టు మీద నక్క వైద్యుడు గొంతు సవరించుకున్నాడు. "నా కషాయం పోయకపోతే కాలు కుళ్లిపోతుందమ్మా. గేదెమ్మ వీపు గాయం మాన్పిందెవరు? నేనే! నాకు పెద్ద ఆశల్లేవు. నీ పిల్లల్లో ఒకదాన్ని మా ఇంటికి పనికి పంపు, చాలు."

"నక్క ఇంట్లో బాతుపిల్లకు పనా? వంటింట్లోనే కాబోలు!" అని గట్టు బొరియలోంచి గొణిగింది ఎండ్రకాయ.

సింగారమ్మకు ఏడుపొచ్చేసింది. కాలు పోతే పిల్లల్ని సాకేదెలా? కాలు కోసం కన్నపిల్లనిచ్చేదెలా?

కాలువలోంచి చారల చేప తల ఎత్తింది. "అక్కా, ఆ కషాయం పోయని గాయం ఎప్పుడైనా చూశావా?"

"లేదే!"

"గేదెత్తా, నువ్వో?"

గట్టు మీద పడుకున్న గేదె నెమరాపి ఆలోచించింది. "ఎక్కడే? ఎవరికి దెబ్బ తగిలినా ఈయన పరిగెత్తుకొచ్చి పోసేస్తాడాయె. మానితే మందు గొప్ప, మానకపోతే మన ఖర్మ."

"అయితే చూద్దాం. నాదీ మా చెల్లిదీ ఒకే తోలు. మా తోక అద్దం, లోపల జరిగేదంతా పైకే కనిపిస్తుంది. ఎండ్రకాయ మామా, ఇద్దరి తోకలూ కాస్త కత్తిరించు. గట్టు కింద గుంటలు రెండున్నాయిగా, ఒకదాంట్లో కషాయం పోసి, రెండోదాంట్లో ఉత్త నీళ్లే ఉండనీ. ఏది ఏదో వైద్యుడుగారికి మాత్రం చెప్పకండి."

"పిచ్చి తల్లీ, నొప్పెట్టదుటే?" అంది సింగారమ్మ.

"పెడుతుంది. మా తోక మళ్లీ పెరుగుతుంది. నీ పిల్ల పోతే మళ్లీ వస్తుందా?" అంది చేప. నక్క కులాసాగా కుండ అక్కడ పెట్టేసి కునుకు తీయడానికి పోయాడు. అతను కనుమరుగయ్యాక అది కషాయం పోయాల్సిన గుంటలోకి తనే దూకింది. చెల్లి రెండోదాంట్లోకి దిగింది.

నక్క కులాసాగా కుండ అక్కడ పెట్టేసి కునుకు తీయడానికి పోయాడు.

చేమాకు చిల్లులో నిలిచిన నీటిబొట్టులోంచి సింగారమ్మ చూస్తూ కూర్చుంది. అందులోంచి ప్రతిదీ ఎంతో పెద్దదిగా కనిపిస్తోంది. చెల్లి తోకలో తోలు కణాలు పక్కపక్కనే ఒరుసుకుంటూ అంచుల నుంచి మెల్లగా జరిగి గాటును కప్పేస్తున్నాయి. ఎంత ముచ్చటగా ఉందో! చారల చేప తోకలో మాత్రం అవి అడుగు కదపకుండా బిక్కచచ్చి నిలబడ్డాయి.

పొద్దు వాలాక నక్క వచ్చాడు. రెండు తోకలూ చూశాడు. పూడిన గాటు చూసి తొడ చరిచాడు. "చూశారా నా మందు మహిమ! ఆ పక్కదాని గతి చూడండి, మందు పడక ఎలా అఘోరిస్తోందో!"

"అయ్యా, మీ మందు పడింది ఆ పక్కదానికే!" అంది ఎండ్రకాయ.

గేదె ఫక్కున నవ్వింది. "ఓరి నీ వైద్యం తగలెయ్య! కాకి వాలగానే తాటిపండు పడ్డట్టు, నా వీపు దానంతటదే మానితే నీ ఖాతాలో వేసుకున్నావా?"

నక్క తేలు కుట్టిన దొంగలా కుండ చంకన పెట్టుకుని గట్టు దిగిపోయాడు. సింగారమ్మ చారల చేపనూ దాని చెల్లినీ ముక్కుతో పదిలంగా పట్టి కాలువలో వదిలింది. కాలు తేట నీళ్లలో కడుక్కుని, పిల్లలన్నిటినీ రెక్కల కిందికి లాక్కుంది.

మానిన గాయం చూసి మందును మెచ్చుకునే ముందు, మందు వేయని గాయాన్ని కూడా చూడాలి.