నోరు విప్పని కప్పమ్మ

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే అక్కడ ఊరే లేదు బుజ్జులూ. ఆస్ట్రేలియా అనే దేశంలో ఓ కొండ అడవి. నువ్వెప్పుడు చూశావని అడక్కు. పక్క వీధికెళ్తేనే దారి తప్పే మనిషిని నేను.

ఆ అడవి వాగులో ఒక కప్పమ్మ, గట్టు మీద ఒక కంగారమ్మ. ఒకరోజు కంగారమ్మకి చిక్కుడు గింజంత బిడ్డ పుట్టింది. కళ్ళు తెరవలేదు, ఒంటి మీద బొచ్చు లేదు. అయినా పాక్కుంటూ పోయి, తల్లి పొట్ట మీది సంచిలో దూరి పాలు తాగడం మొదలెట్టింది.

కప్పమ్మ నిర్ఘాంతపోయింది. "ఇదేం బిడ్డ వదినా, సగమే ఉడికినట్టుందే!" అంది.

కంగారమ్మకి ఒళ్ళు మండింది. "నీకు సంచీ లేదు, పాలూ లేవు. ముందు నీ గుడ్ల సంగతి చూసుకో" అంది.

అప్పుడు కప్పమ్మ చూసుకుంది. ఎలాగనుకున్నావ్? గుడ్లన్నీ గుటుక్కున మింగేసింది!

"ఛీ" అంటున్నావా? కంగారమ్మా అదే అంది. ఎగురుకుంటూ పోయి అడవంతా చాటింది.

అప్పుడు అందరూ వాగు దగ్గర చేరారు. "పిల్లల్ని తిన్నావా?" అన్నారు. కప్పమ్మ నోరు విప్పలేదు. "ఆకలేసిందా?" అన్నారు. విప్పలేదు. "కడుపున పుట్టినవాళ్ళని కడుపులోకే పంపావు కదే! వానలు వెలిసేలోగా జవాబు చెప్పు, లేదా వాగు వదిలి పో" అంది కంగారమ్మ. అప్పుడూ విప్పలేదు.

వాగు వదిలితే ఆ కప్ప బతకదు. నోరు విప్పితే పొట్టలో పెరుగుతున్న పిల్లలు వేళ కాకముందే బయటపడతారు. నేనైతే గంటసేపు కూడా నోరు మూసుకోలేను, కావాలంటే మీ తాతయ్యనడుగు. కప్పమ్మ వారాల తరబడి మూసుకుంది. ఒక్క పురుగు ముట్టలేదు.

ఆ తర్వాత వానలు వెలిశాయి. తరిమెయ్యడానికి అందరూ వచ్చారు. అప్పుడు కప్పమ్మ నోరు తెరిచింది. లోపల్నించి ఒక బుల్లి కప్ప తల బయటపెట్టింది! దాని వెనక ఇంకోటి. ఆ వెనక ఇంకోటి!

కంగారమ్మ దగ్గరికొచ్చి ఆ పిల్లల్ని చూసింది. ఒకసారి తన సంచిలోకి చూసుకుంది. "నాది పైసంచి, నీది లోసంచి. ఇంత మాటన్నాను, ఏమనుకోకు వదినా" అని తల దించుకుంది.

ఏంటీ, ఆ కప్పని చూడాలా? ఎక్కడ చూస్తాం తల్లీ. కంగారూలు ఇప్పటికీ మందలు మందలున్నాయి. ఆ కప్పలు మాత్రం మీ అమ్మ పుట్టిన రోజుల్లోనే పోయాయి. ఏదో తెగులంటారు, గట్టిగా ఎవరికీ తెలీదు.

"ఒక్కటైనా లేదా?" అంటూ అలా లేచి కూర్చున్నావేం? లేదమ్మా. ఒక్కటీ లేదు. నిద్రపుచ్చుదామని మొదలెట్టి, వచ్చే నిద్ర కాస్తా చెడగొట్టాను. నాలాంటి తెలివైనదాన్ని ఇంకెక్కడా చూడవు. ఇలా రా, దగ్గరకి జరుగు.

కథేమో కంచికి, కంగారమ్మ కొండకి, మనమేమో మంచానికి. కప్పమ్మ మాత్రం... ఎక్కడికో.